అత్త కమ్మ, రోమన్ పిన్నీసు, పదిహేడు లాడాలు

మా మేనత్త కుడి చెవి కమ్మ ఏప్రిల్లో చెనక్కాయల చేన్లో పడిపోయింది. కాయలు పీకే రోజది. పొద్దున చేన్లో దిగేటప్పుడు ఉంది, మధ్యాహ్నం సంగటి తిని మూతి తుడుచుకుంటే చెవి బోసిగా తగిలింది. సీల లూజయిందని, తిరుపతికి వచ్చినప్పుడు బిగించుకోవాలని ఆరు నెలల నుంచీ అనుకుంటా ఉందంట. కూలోళ్లందరూ మట్టి పిసికి పిసికి వెతికారు, మామ చాటలో పోసి చెరిగాడు, లాభం లేదు. అప్పట్నుంచీ ఆమె ఆ చెవికి చీపురు పుల్ల పెట్టుకుని తిరుగుతోంది, తూటు పూడిపోకుండా.

మేలో గంగమ్మ జాతరకని ఇంగ్లండు నుంచి వాళ్లబ్బాయి, అంటే మా బావ, దిగాడు. వాళ్లమ్మ కమ్మ సంగతి ఫోన్లో విన్నాడు కాబట్టి ఈసారి చాక్లెట్లు తగ్గించి మెటల్ డిటెక్టరు తెచ్చాడు. మూడు ముక్కలుగా విప్పి లుంగీల మధ్య చుట్టి పెట్టుకున్నాడు. దాన్ని బిగించి వాకిట్లో నిలబెడితే అత్త చూసి "తిరుమల కొండకి పోయేటప్పుడు చెక్ చేసేది కదరా ఇది" అంది. దాదాపు అదే. అక్కడ మనుషుల్ని చూస్తారు, ఇక్కడ నేలని.

తిరుపతిలో నాది హార్డ్‌వేరు అంగడి. మేకులు, బోల్టులు, గొళ్లేలు, పారలు, కట్టుడు తీగ. ఇరవై ఏళ్లుగా ఇనుము మధ్యలో కూర్చుని ఉండడం వల్లనో ఏమో, బావ ఇంగ్లండులో చేసే ఈ పిచ్చి పని నాకు బాగా ఎక్కింది. వాడు అక్కడ సాఫ్ట్‌వేరే, కానీ ఆదివారం వస్తే చాలు, బూట్లు వేసుకుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని పొలాల్లో తిరుగుతాడు. పోయిన చలికాలం ఒక రైతు దగ్గర కాగితం మీద పర్మిషన్ రాయించుకుని ఆయన తోపులోకి పోయాడు. ఓక్ చెట్ల అడవి, చిన్నదే. ఒక ఆదివారం రాత్రి వాట్సాప్‌లో ఫొటో పెట్టి "ఏందో చెప్పు బావా" అన్నాడు. అరచేతిలో పచ్చగా చిలుము పట్టిన వస్తువు, వేలంత పొడుగు కూడా లేదు. ఒక కొసన స్ప్రింగులాగా మెలికలు, రెండో కొసన చిన్న వంపు. నేను జూమ్ చేసి, తిప్పి, నా అనుభవమంతా పెట్టి "పాత పెట్టె గొళ్లెం" అన్నాను. పక్కన కూరగాయలు తరుగుతున్న మా ఆవిడ తలెత్తి ఒక్క చూపు చూసి "పిన్నీసు కదా" అంది. ఆమె గాజుకి అప్పుడే మూడు వేలాడుతున్నాయి.

పిన్నీసే. రోమన్ల కాలం నాటి కంచు పిన్నీసు. ఇంగ్లీషులో బ్రూచ్ అంటారు, పండితులు ఫిబులా అంటారు, పని మాత్రం పిన్నీసు పనే. అప్పటి వాళ్ల బట్టలకి గుండీలు పెద్దగా ఉండవు, చుట్టుకున్న గుడ్డని భుజం దగ్గర పట్టుకునేది ఇదే. ఇది చేసిన పద్ధతి చూస్తే నాలాంటోడికి కడుపు నిండుతుంది: స్ప్రింగు వేరే, సూది వేరే కాదు, ఒకే కంచు ముక్కని తీగలాగా సాగగొట్టి, మెలికలు తిప్పి, దాన్నే సూదిగా చేశారు. నేను డబ్బాల్లో అమ్మే పిన్నీసు కూడా అదే లెక్క. రెండు వేల ఏళ్లలో డిజైను మార్చాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. బావకి దొరికిన దానికి సూది సగంలో విరిగిపోయింది. విరిగింది కాబట్టే ఎవరి భుజం మీది నుంచో జారి అక్కడ పడి ఉంటుంది, పాపం ఆమె కూడా ఇంటికి పోయాక చూసుకుని తిట్టుకుని ఉంటుంది.

దాంతో పాటు పదకొండు మేకులు దొరికాయి. అర అంగుళం పొడుగు, బుడిపె తల, తుప్పు. చెప్పు మేకులు. రోమన్ సైనికుల చెప్పుల అడుగున ఇలాంటివి డజన్ల కొద్దీ కొట్టేవాళ్లు, తోలు అరగకుండా, జారకుండా. పిన్నీసు ఫొటో ఒక్కటి పెట్టినోడు ఈ మేకులవి తొమ్మిది ఫొటోలు పెట్టాడు. ఎందుకురా అంత అంటే, "పిన్నీసు ఒక మనిషిని చూపిస్తుంది, మేకులు దారి చూపిస్తాయి" అన్నాడు. అప్పుడు డైలాగు కొడుతున్నాడులే అనుకున్నాను.

ఆ మిషన్ పని చేసే తీరు నాకు అర్థమైనంతవరకు చెబుతాను. కింద పళ్లెంలాగా ఉండేదాంట్లో రాగి తీగ చుట్టలుంటాయి. దాంట్లో కరెంటు అటూ ఇటూ మారుతుంటే నేల్లోకి అయస్కాంత క్షేత్రం పోతుంది, అక్కడ లోహం ఉంటే దాంట్లో చిన్న చిన్న సుడి కరెంట్లు పుట్టి తిరిగి చుట్టకి కబురు పంపుతాయి. ఆ కబురు ఎంత ఆలస్యంగా, ఎంత గట్టిగా వచ్చిందనే దాన్నిబట్టి మిషన్ ఒక నంబరు, ఒక సౌండు ఇస్తుంది. ఇనుముకి బొంగురు గొంతు, వెండికి రాగికి కీచు గొంతు. ఇనుము అన్నిచోట్లా ఉంటుంది కాబట్టి దాన్ని వినబడకుండా ఆపేసే బటను ఉంది, చాలామంది అది నొక్కేసి హాయిగా నాణేల కోసం తిరుగుతారు. బావ నొక్కడు. మేకుల అంగడోడి బావ కదా అని నాకు కొంచెం గర్వం.

ఇనుముని ఎందుకు వినాలో అర్థం కావాలంటే జర్మనీలో హార్ట్స్‌హార్న్ అనే కొండ కథ చెప్పాలి. అడవి కొండ, కాలెఫెల్డ్ అనే ఊరి దగ్గర. 2000లో కొంతమంది డిటెక్టర్లు పట్టుకుని, పర్మిషన్ గిర్మిషన్ లేకుండా, ఏదో మధ్యయుగాల కోట ఉందేమోనని అక్కడ తవ్వారు. కొన్ని ఇనుప సామాన్లు దొరికాయి. అందులో ఒకటి పళ్లెంలాగా ఉండి, పక్కల రెక్కలు పైకి లేచి, వెనక కొక్కెం ఉంది. కొవ్వొత్తి పెట్టుకునే స్టాండేమో అనుకుని ఇంట్లో పెట్టుకున్నారు. ఎనిమిదేళ్లు! 2008లో అదేమిటో తెలిశాక అధికారులకి అప్పగించారు. అది గుర్రానికి తొడిగే ఇనుప చెప్పు. రోమన్లు బండి గుర్రాలకి, కంచర గాడిదలకి మనలాగా మేకులతో లాడం కొట్టకుండా ఈ పళ్లేన్ని గిట్టకి తొడిగి తోలు వారుతో కట్టేవాళ్లు.

ఆ ఒక్క గుర్రపు చెప్పుతో చరిత్ర పుస్తకాలు దిద్దుకోవాల్సి వచ్చింది. ఎందుకంటే క్రీ.శ. 9లో ట్యూటోబర్గ్ అడవుల్లో రోమన్ల మూడు లెజియన్లు, అంటే మూడు పెద్ద సైనిక దళాలు, ఊచకోతకి గురయ్యాయి, ఆ తర్వాత కొన్నేళ్లకి వాళ్లు రైన్ నది దాటి అంత లోపలికి పోవడం మానేశారనేది అందరికీ తెలిసిన పాఠం. (ఆ యుద్ధం జరిగిందని ఇప్పుడు చాలామంది ఒప్పుకునే కాల్‌క్రీజ అనే చోటు కూడా, 1987-88లో టోనీ క్లన్ అనే బ్రిటిష్ సైనికాధికారి డిటెక్టరుతో రోమన్ వెండి నాణేలు, సీసపు వడిసెల గుళ్లు బయటికి తీసినప్పుడే తేలింది.) హార్ట్స్‌హార్న్‌లో దొరికిన నాణేలేమో మూడో శతాబ్దం నాటివి. క్రీ.శ. 235 ప్రాంతంలో, మాక్సిమినస్ చక్రవర్తి కాలంలో, రోమన్ సైన్యం జర్మనీ నడిబొడ్డున యుద్ధం చేసింది. ఆయన మూడు నాలుగు వందల మైళ్లు లోపలికి పోయాడని పాత గ్రంథంలో నిజంగానే రాసి ఉందట, అంత దూరమా, రాసినోడు తప్పు రాసుంటాడులే అని తర్వాతి పండితులు ముప్పై నలభై మైళ్లని దిద్దిపెట్టుకున్నారు. ఇనుప ముక్కలు వచ్చి పాతాయనదే కరెక్టని చెప్పాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది బాణపు ములుకుల సంగతి. రోమన్ల దగ్గర పెద్ద విల్లు యంత్రాలుండేవి, వాటితో బరువైన ఇనుప ములుకులు కొట్టేవాళ్లు. ఆ కొండని మధ్యలో ఎవరూ పెద్దగా దున్నలేదు, అడవిగానే ఉండిపోయింది, కాబట్టి ములుకులు చాలావరకు గుచ్చుకున్నవి గుచ్చుకున్నట్టే ఉండిపోయాయి. ఒక్కోటి ఏ వైపుకి వాలి ఉందో కొలిస్తే ఎక్కడి నుంచి కొట్టారో గీత గీయొచ్చు. చెప్పు మేకులు ఎక్కడెక్కడ రాలాయో చుక్కలు పెడితే ఏ దారిన నడిచారో తెలుస్తుంది. అదే ములుకుని ఎవడో పీకి జేబులో వేసుకుని ఇంటికి తీసుకుపోతే? తుప్పు పట్టిన ఇనుము, నా అంగడి బయట రేకు డబ్బాలో పడేసేది.

సరే, మా చేను. పెనుమూరు వైపు, చిత్తూరికి ఎక్కువ దూరం లేదు. మొదటి రోజు పొద్దున్నే బావ మిషన్ ఆన్ చేశాడో లేదో గోల మొదలైంది. గుట్కా పాకెట్లు. ఎంతమంది ఎన్నేళ్లుగా నమిలి పారేశారో, ఆ మెరుపు కాగితం ముక్కలు ప్రతి అడుగునా ఉన్నాయి. ఇక్కడే అసలు తిప్పలు: చిన్న బంగారు వస్తువూ, ఈ రేకు కాగితమూ మిషన్‌కి దాదాపు ఒకే గొంతుతో పలుకుతాయి. అంటే అత్త కమ్మ కావాలంటే ప్రతి గుట్కా పాకెట్టూ తవ్వాల్సిందే. తవ్వాం. సీసా మూతలు, టార్చి బ్యాటరీ, బోరు మోటారు వైరు ముక్కలు, 1 రూపాయి బిళ్లలు నాలుగు. మధ్యలో బొంగురు సౌండు వచ్చిన చోట తవ్వితే నెలవంకలాగా, పలచగా, నాలుగైదు చిల్లులున్న ఇనుప బిళ్ల వచ్చింది. బావ తికమకపడ్డాడు. నాకు వెంటనే తెలిసిపోయింది, ఎద్దు లాడం. ఎద్దు గిట్ట చీలి ఉంటుంది కదా, ఒక్కో కాలికి రెండు, ఎద్దుకి ఎనిమిది, జతకి పదహారు. చిన్నప్పుడు లాడాలు కొట్టేటాయన ఊళ్లోకి వస్తే మేం బడి ఎగ్గొట్టి చూసేవాళ్లం, ఎద్దుని మోకుతో పడేసి, నాలుగు కాళ్లూ కలిపి కట్టి, ఆయన నోట్లో మేకులు పెట్టుకుని ఒక్కోటే తీసి కొడుతుంటే అది కళ్లు తేలేసి బుసకొట్టేది.

సాయంత్రానికి పదకొండు లాడాలు. బావ వాటిని కుప్ప వెయ్యనివ్వలేదు. ఒక్కోటి దొరికిన చోట కంది పుల్ల గుచ్చి, ఫోన్ మ్యాపులో చుక్క పెట్టి, లాడాన్ని జిప్ కవర్లో వేసి నంబరు రాశాడు. మామకి ఇది చూసి చిరాకు. "పాతినుమోడు కూడా ఇంత మర్యాద చెయ్యడు" అన్నాడు.

రెండో రోజుకి ఊరంతా గట్టు మీద ఉంది. మన వైపు నేలకేసి మిషన్ పెట్టారంటే అది నిధి మిషనే. ఇంగ్లండు నుంచి పిలిపించారంట, అంజనం వేయించారంట, మనవరాలి పెళ్లికి ముందే తియ్యాలంట. ఒకాయన నన్ను పక్కకి పిలిచి, చాలా సీరియస్‌గా, "మా కొండ మింద పాత గుడుంది, నాకు పర్సెంటేజీ ఇస్తే చూపిస్తా" అన్నాడు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. రాయలసీమలో ఎన్ని పాత గుళ్లు ఈ పిచ్చికి బలైపోయాయో పేపర్లో చదువుతూనే ఉన్నాం, నంది కింద వజ్రాలుంటాయని నందినే పగలగొడతారు, లింగాన్ని పెళ్లగిస్తారు, దొరికేది ఏమీ ఉండదు, మళ్లీ ఇంకో గుడి. బావ కూడా తక్కువోడేం కాదు, తలకోన వైపు అడవిలో ఒక రౌండు వేద్దామా అన్నాడు. శేషాచలం అడవుల్లోకి రాత్రీ పగలూ ఏదో మిషన్ పట్టుకుని పోతే ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ వాళ్లు మనకి రోమన్ చరిత్ర చెబుతారు, గమ్మునుండు అన్నాను.

మూడో రోజు పొద్దున చేన్లోకి పోయేసరికి కంది పుల్లల దగ్గర గుంతలు. నాలుగు, మోకాలి లోతు. రాత్రి ఎవరో వచ్చి, మేం గుర్తు పెట్టిన చోటే నిధి ఉందనుకుని తవ్వి, పుల్లలు పీకి విసిరేసి పోయారు. ఎవరని అడగం, అడిగినా చెప్పరు. బావకి కోపం రాలేదు, నవ్వాడు. ఇంగ్లండులో కూడా ఇదే గొడవంట, చీకట్లో వచ్చి దొంగతనంగా తవ్వేవాళ్లకి అక్కడ నైట్‌హాక్‌లని పేరు. ఫోన్‌లో చుక్కలున్నాయి కాబట్టి ఆ పదకొండూ పోలేదు, కానీ గుంతల్లోంచి తీసిన మట్టిలో ఇంకో రెండు లాడాలు దొరికాయి, అవి ఏ గుంతవో మాత్రం తేలలేదు. వాటికి నంబరు బదులు ప్రశ్న గుర్తు వేశాడు.

మామకి భయం పట్టుకుంది, కేసవుతుందేమోనని. ఆయన కోసం 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఫోన్లో చదివాను. నేల్లో దాచిపెట్టినది, విలువ 10 రూపాయలు దాటితే, కలెక్టరుకి రాసి ఇవ్వాలి. సొంతదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేకుంటే, దొరికించుకున్నోడికి ముప్పావు, నేల గలాయనకి పావు. ప్రభుత్వం కావాలనుకుంటే లోహం విలువ మీద అయిదో వంతు కలిపి ఇచ్చి తీసుకోవచ్చు. 10 రూపాయలు అని వినగానే అత్త "లాడం కాటాకేస్తే దాటుతుందేమో" అంది. దాచింది కాదులే అత్తా, ఊడిపోయింది అని సర్దిచెప్పాను. ఇంగ్లండులో 1996 చట్టం ప్రకారం 300 ఏళ్లు దాటిన బంగారం, వెండి వస్తువులైతే 14 రోజుల్లో చెప్పాలి. బావ పిన్నీసు మామూలు ఒంటరి కంచు వస్తువు కాబట్టి అది చట్టం లెక్కలో నిధి కాదు, అయినా వీడు తీసుకుపోయి అక్కడి పురావస్తు అధికారికి చూపించి, దొరికిన చోటుతో సహా రాయించి వచ్చాడు. అలా జనం స్వచ్ఛందంగా రాయించినవి ఇప్పటికి పదిహేను లక్షలు దాటాయి.

పోయిన వస్తువు కోసం డిటెక్టరు పట్టడమనేది మా అత్తతోనే మొదలు కాదు. 1992లో ఇంగ్లండులో, సఫోక్‌లోని హాక్స్‌న్ అనే ఊళ్లో ఒక రైతు సుత్తి పొలంలో పోతే, ఎరిక్ లాస్ అనే ఆయన వెతకడానికి పోయి దాదాపు పదిహేను వేల రోమన్ నాణేలు కనిపెట్టాడు. కొంత తీసి, ఇదేదో పెద్దదని తెలియగానే చెయ్యి ఆపేసి కబురు పంపాడు, అందుకే మిగతాది ఎలా సర్ది ఉందో అలా పురావస్తు శాఖ వాళ్లు బయటికి తియ్యగలిగారు. సుత్తి కూడా దొరికింది, అదీ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది. ఆ నిధిలో ఆడమనిషి బొమ్మలాగా చేసిన వెండి మిరియాల డబ్బా ఉంది. మిరియాలు! మన పక్క మలబారు నుంచి ఓడెక్కినవి. వాటికి బదులుగా ఇటొచ్చిన రోమన్ బంగారమూ తక్కువేం కాదు, ఒక్క పుదుక్కోట దగ్గరే 501 బంగారు నాణేలు దొరికాయి, అందులో నూటికి తొంభైకి పైగా చక్రవర్తి తల మీద ఉలి గాటు పెట్టి ఉన్నాయి. దక్షిణాదిన దొరికిన మరికొన్నిటికి చిల్లులు కొట్టి మెళ్లో వేసుకున్నారు, కాసులపేరులాగా. రేణిగుంట దాటి గుడిమల్లం పోతే కనిపించే ఆ పరశురామేశ్వరుడు కూడా అటూ ఇటూ ఆ రోజుల వాడే. చిన్నప్పుడు మా చెరువు ఎండినప్పుడు నాకూ ఒక రాగి బిళ్ల దొరికింది, ఒక పక్క ఏదో జంతువు బొమ్మ. పుల్లైసు బండాయన తీసుకుని రెండు పుల్లైసులిచ్చాడు. ఎవరి నాణెమో పోనీ, చెరువులో ఏ మూల దొరికిందో కూడా ఇప్పుడు గుర్తు లేదు.

మూడు పొద్దులకి మొత్తం పదిహేడు లాడాలు. బావ మధ్యాహ్నం ఫోన్లో మ్యాపు పెద్దది చేసి చూపిస్తే నాకు గుండె ఝల్లుమంది. చుక్కలు చేనంతా చల్లినట్టు లేవు. చింతమాను దగ్గర మొదలై, చేనుకి అడ్డంగా, ఐమూలగా వంక వైపు ఒకటే గీత. గీత చివర వంక గట్టు ఎక్కేచోట ఒక గుంపు. నాగలి, ట్రాక్టరు ఎన్నిసార్లు తిప్పినా కొంచెం అటూ ఇటూ జరిగాయే కానీ గీత చెదరలేదు. మామకి ఏమీ తెలియదు, ఆయన ఈ చేను కొన్నప్పటికే ఇది చేను. పక్కింటి తాత, ఎనభై దాటినాయన, ఫోన్ కేసి కాసేపు కళ్లు చికిలించి చూసి, "బండి బాట కదరా అబ్బోడా ఇది" అన్నాడు. చిత్తూరు మండీకి బెల్లం తోలిన బాట. తారు రోడ్డు అవతల పక్క పడ్డాక దీన్ని దున్నేసుకున్నారు. రాత్రి అన్నం తిని బండి కడితే తెల్లారేలోపు మండీ దగ్గరుండేవాళ్లంట, తోలేవాడు దిమ్మెల మీద పడుకుని నిద్రపోయినా ఎద్దులకి దారి తెలుసంట. "ఆ వంక ఎక్కేటప్పుడు మాత్రం అందరం దిగి చక్రం పట్టాల్సిందే, ఎద్దు కాలు జారేది, లాడాలూడేది ఆడే" అన్నాడు. ఆయనకి మేము గుంపు చూపించలేదు. ఆయనే చెప్పాడు.

బావ పోయిన వారం విమానం ఎక్కాడు. మిషన్ మా అంగట్లో పెట్టిపోయాడు, వానలు పడి చేను ఒకసారి దున్నాక మళ్లీ చూడమని, కమ్మ పైకి రావచ్చని. లాడాలు, ఆ పదిహేడు కవర్లు, అత్త వాళ్లింట్లో గూట్లో పెట్టించాను, పేపరు మీద మ్యాపు గీసి దాంతో పాటే. నిన్న అత్త ఫోన్ చేసింది. చేను గురించేమో అనుకుని ఎత్తాను.

"ఒరే, ఆ జిప్పు కవర్లు బాగుండాయిరా. ఆ ఇనుమంతా ఒక సంచిలో పోసేసి కవర్లు కడుక్కున్నా, ఆవాలు, జీలకర్ర పోసి పెట్టుకుంటి. ఇంకో పది ఉంటే పంపియ్యి."